జపానుదేశమున అసుకా గ్రామము



నేటి నా ప్రసంగమునకు విషయము జపానుదేశమందలి ఒక పల్లె. దాని పేరు అసుకా. జపాననగానే మనకు టోక్యో, ఒసాకా వంటి మహానగరములును, యంత్రములును, వేగముగా పోవు రైలుబండ్లును తలపునకు వచ్చును. వానిని గూర్చి చెప్పుటకు నాకంటె సమర్థులు పలువురు గలరు. నేను పల్లెలో పుట్టి, పల్లెబడిలో ముప్పదియైదేండ్లు తెలుగును సంస్కృతమును చెప్పి, పల్లెలోనే విశ్రాంతి గొన్నవాడను. పల్లెను గూర్చి చెప్పుట నాకు తేలిక. వినువారిలోను పల్లెపెద్దలే హెచ్చుగా ఉందురు గనుక వినుట మీకును తేలికయే యగునని నమ్ముచున్నాను.

నా కుమారుడు ఒసాకాలో ఇంజనీరుగా పని చేయుచున్నాడు. రెండేండ్ల క్రిందట సెప్టెంబరు నెలలో అతని యింట కొన్ని దినములు గడపితిని. ఒకనాడు అతడు, "నాన్నగారూ, ఏ నగరమునకు పోవుదము?" అని అడిగెను. "నగరములు వద్దు నాయనా, ఈ దేశపు మొదటి రాజధాని యేదో అది చూపుము" అంటిని. అతడు నవ్వి, "అది ఇప్పుడు రాజధాని కాదు, వరిపొలము" అనెను. "అట్లయిన మఱియు మంచిది" అంటిని.

ఒసాకానుండి ఆగ్నేయదిశగా రైలులో పోయిన గంటకు లోపుగనే అసుకా స్టేషను వచ్చును. అచ్చట సైకిళ్లు అద్దెకు ఇత్తురు. వచ్చినవారు ఊరంతయు సైకిలుపైననే తిరిగి చూచుట అక్కడి వాడుక. "ఈ వయస్సున సైకిలెందుకు? కారు కుదుర్చుదును" అని నా కుమారుడు సంశయించెను. "ఒరే, నీవు పుట్టకమునుపటి నుండి ఎదురుగాలిలో బడికి తొక్కినవాడను" అని నేనే ముందు ఎక్కితిని.

అసుకా నారామండలమునకు చేరినది. విస్తీర్ణము 24 చదరపు కిలోమీటర్లు. జనసంఖ్య ఐదువేల పైచిలుకు. చుట్టును తక్కువ యెత్తు గల కొండలు, నడుమ అసుకా యేఱు. ఏఱని పేరే గాని మన పంటకాలువ పాటిది. ఏటికి ఇరుప్రక్కల వరిమళ్లు, నల్లపెంకుల యిండ్లు, కూరపాదులు. బాటప్రక్క చిన్న బల్లమీద వంకాయలును పండ్లును పెట్టి, డబ్బు వేయుటకు ఒక డబ్బా ఉంచుదురు. అమ్మువాడుండడు, కావలివాడుండడు. కొన్నవాడు వెల అందు వేసి పోవును.

ఈ చిన్న లోయయే ఒకప్పుడు దేశమునకు రాజధాని. క్రీ.శ. 592లో సుయికో యను రాణి ఇచ్చట సింహాసనమెక్కినది మొదలు, 694లో రాజధాని చేరువనున్న ఫుజివారాకు తరలువఱకు, నడుమ కొలది యేండ్లు తప్ప, ప్రభువులు ఈ లోయలోనే కొలువుండిరి. 710లో రాజధాని నారాకు పోయెను. బౌద్ధధర్మము, రాజశాసనపద్ధతి, పెంకుల కప్పు, కాలమును కొలుచు విద్య, ఇవి కొరియా చీనాదేశముల నుండి వచ్చి జపానులో వేరుదన్నిన చోటిది. రాజనగరులు కొయ్యకట్టడములు. గుంజలు నేలలో పాతి కట్టినవి. ప్రభువులు వెడలిపోగా కొయ్య చివికిపోయెను. నేల రైతుల నాగలికి వచ్చెను. కావున అసుకాకు పోయినవాడు ఆకాశమునంటు గోపురములను వెదుకరాదు. చూడవలసినది చాలవఱకు నేలక్రిందనో, నేలను అంటుకొనియో ఉన్నది.

మేము మొదట చూచినది కామెయిషి, అనగా తాబేటిరాయి. ఇండ్ల నడుమ సన్నని దారిలో, ఒక పెరటిని ఆనుకొని, 3.6 మీటర్ల పొడవున ఒకే బండ. దాని యొక కొనను కన్నులు మూసికొని చిఱునవ్వు నవ్వుచున్న ముఖముగా చెక్కినారు. ఊరివారు చెప్పు కథ యొకటి గలదు. తాబేలు పూర్వము ఉత్తరమునకు, పిదప తూర్పునకు చూచెనట. ఇప్పుడు నైరృతికి చూచుచున్నది. ఏనాడది సరిగా పడమటికి తిరుగునో, ఆనాడు ఈ మైదానమంతయు బురదసముద్రమగునట. నా కుమారుడు దిక్సూచి చూచి, "ఇంకను కొంత వ్యవధి యున్నది నాన్నగారూ" అనెను.

దానికి చేరువనే తాచిబనా ఆలయము. సుయికో రాణికి మేనల్లుడై రాజ్యభారమును మోసిన షోతోకు యువరాజు 574లో ఇచ్చటనే పుట్టెనని పెద్దల మాట. ఆయన రాణికోరికపై శ్రీమాలాదేవీ సింహనాదసూత్రమును ఇచ్చట వ్యాఖ్యానించెననియు చెప్పుదురు. మన దేశపు స్త్రీ యొకతె చెప్పిన ధర్మమును జపానురాణి విన్నదని తలచుకొని సంతోషించితిని. ఆ యావరణలో రెండు ముఖముల రాయి యొకటి యున్నది. ఒక ప్రక్క మంచివాని ముఖము, మఱియొక ప్రక్క చెడ్డవాని ముఖము. మనుష్యుని హృదయమున రెండును ఉన్నవని భావమట.

అక్కడనుండి పొలములకడ్డముగా పోయి అసుకా దేవాలయమును చేరితిమి. సోగా వంశమున ఉమాకో యను మంత్రి బౌద్ధధర్మపక్షపాతి. ఆ ధర్మమును దేశమున రానీయరాదని పట్టుబట్టిన మొనొనొబె వంశమువారిని 587లో యుద్ధమున గెలిచి, మఱుసటి యేడు దీనిని కట్ట మొదలిడెను. కొరియాలోని పెక్చే రాజ్యమునుండి ఆలయశిల్పులును, పెంకులు కాల్చు నేర్పరులును వచ్చిరి. 596లో పని ముగిసెను. జపానులో పెంకులు కప్పిన మొదటి కట్టడమిది. తరువాత 609 ప్రాంతమున తోరి యను శిల్పి పోసిన శాక్యముని కంచువిగ్రహమును నిలిపిరి. కూర్చున్న విగ్రహము, యెత్తు 2.75 మీటర్లు.

1196లో అగ్నిప్రమాదమున ఆ మహాలయము కాలిపోయెను. విగ్రహమును చాల దెబ్బతినెను. ఊరివారు దానిని పాఱవేయలేదు. చిక్కిన తునుకలను కూర్చి, లేని చోట క్రొత్త లోహము పోసి అతికిరి. నేడున్నది పందొమ్మిదవ శతాబ్దిలో కట్టిన చిన్న మందిరము. అందు ఆ మూర్తి అతుకులతోడనే కూర్చుండి యున్నాడు. చెక్కిలిపై, ముక్కుప్రక్కన, మెడక్రింద గీఁతలు స్పష్టముగా కనబడును. 1956, 57 సంవత్సరములలో త్రవ్వి చూడగా, మూర్తి మొదట ప్రతిష్ఠించిన తావుననే ఉన్నాడనియు, పూర్వాలయమున నడుమ ఒక స్తూపగోపురము, దానికి మూడు ప్రక్కల మూడు మందిరములు ఉండెననియు తేలెను.

ఖండితవిగ్రహము పూజకు తగదని మన ఆగమముల మతము. దానిని నీట విడుతుము. నేను అట్టి సంప్రదాయమున పెరిగినవాడను. ఐనను పదునాలుగువందల యేండ్లుగా ఒకే చోట కూర్చుండి, కాలి, పగిలి, అతుకబడి, ఇంకను దీపము అందుకొనుచున్న ఆ ముఖమును చూచినప్పుడు చేతులు తామే జోడింపబడినవి. శాస్త్రవిచారము వెనుకకు పోయెను.

ఈ దేవాలయముతో మనకొక చుట్టఱికము కలదు. 625లో కొరియాలోని కోగుర్యో రాజ్యమునుండి ఏకాన్ అను భిక్షువు వచ్చి, ఇచ్చట నివసించి, త్రిశాస్త్రసంప్రదాయమును బోధించెనని జపానువారి చరిత్ర చెప్పును. మూడు శాస్త్రములనగా మధ్యమకశాస్త్రము, ద్వాదశద్వారశాస్త్రము, శతశాస్త్రము. మొదటి రెండును ఆచార్య నాగార్జునుని పేర నున్నవి. మూడవది ఆయన శిష్యుడగు ఆర్యదేవునిది. కుమారజీవుడు వానిని చీనాభాషలోనికి మార్చెను. జపానువారు మన ఆచార్యుని ర్యూజు అందురు. ర్యూ యనగా నాగము. జు యనగా చెట్టు. అర్జునమనగా మద్దిచెట్టే కదా! పేరును సైతము విడదీసి అర్థము చెప్పుకొని పలుకుచున్నారు.

ఆ యాచార్యుని పేరు మన కృష్ణాతీరపు శ్రీపర్వతముతో ముడివడి యున్నది. ఆ లోయలోని విజయపురి నేడు నాగార్జునసాగర జలాశయము క్రింద నున్నది. నీరు నిండకమునుపు, 1954 మొదలు 1960 వఱకు త్రవ్వి, తీయగలిగినంత తీసి, నేడు దీవియైన కొండపై నిలిపినారు. ఇందు నేనెవరిని నిందింపను. పొలమునకు నీరు కావలెను. ఆ నీటితో పండిన అన్నము నేనును తిన్నవాడను. కాని మనము విడువవలసి వచ్చినట్టి లోయ వంటి లోయను ఈ యూరివారెట్లు నిలుపుకొనిరో తెలిసికొనవలెనను కోరిక ఆ మందిరములో నాకు పుట్టెను.

ఆలయమునకు పడమట, వరిమళ్ల యొడ్డున, మనిషియెత్తు శిల యొకటి యున్నది. అది సోగా ఇరుకా తలగోరి యందురు. ఉమాకోకు మనుమడైన ఇరుకా అధికారమదమున రాజకుటుంబమునే లెక్కచేయకపోగా, 645లో యువరాజు నకా-నో-ఓయె తన సహాయులతో అతనిని రాణియెదుట సభలోనే నఱికెను. తెగిన తల యెగిరివచ్చి ఇక్కడ పడెనని కథ. ఆ శిల అయిదంతస్తులది. అడుగున చదరము పృథివి, దానిపై గుండు జలము, ఆపై త్రికోణము అగ్ని, అర్ధచంద్రము వాయువు, కొననున్న రత్నాకారము ఆకాశము. పంచభూతములు ఒకదానిపై నొకటిగా నిలిచియున్నవి. ఈ దేహము దేనిలో కలియునో చెప్పుటకు ఇంతకంటె వేఱు శాసనమేల?

ఆ యువరాజే 660లో నీటిగడియారము చేయించి జనులకు వేళ తెలిపించెను. దాని తావు 1981లో త్రవ్వకములందు బయల్పడెను. రాళ్లు పేర్చిన చదరపు గద్దె, గుంజల గుంటలు, కొయ్యకాలువలు, రాగిగొట్టములు దొరకినవి. మన పూర్వుల గడియకుడుక మీరెఱిగినదే. అడుగున బెజ్జము గల గిన్నె నీటిపై తేలుచు, నిండి మునుగుటకు ఒక గడియ, అనగా 24 నిమిషములు. అఱువది మునుకలకు ఒక దినము. వారి పద్ధతి వేఱు. మెట్లుగా నమర్చిన తొట్లలో ఒకదానినుండి మఱియొకదానికి నీరు సమముగా జాఱును. కడపటి తొట్టిలో నీటిమట్టమును చూచి వేళ చెప్పుదురు.

సాయంకాలమునకు అమకాషి గుట్ట నెక్కితిమి. యెత్తు 148 మీటర్లే. సోగావారి మేడలు దీనిపైననే ఉండెనట. పైనుండి ఉనెబి, మిమినాషి, కగుయామా అను మూడు కొండలు మైదానమున వేఱువేఱుగా కనబడును. ఒకవైపున నగరపు టిండ్లు కొండల నడుమకు తోసికొని వచ్చుచున్నట్లున్నవి. రెండవవైపున, అసుకాలో, మళ్లును, నల్లకప్పులును, చెట్లును. ఆ రెంటికిని నడుమ గీత గీచినట్లున్నది. ఈ గీత యెవరు గీచిరని కుమారుని అడిగితిని. సమాధానము ఆ రాత్రి దొరకెను.

రాత్రికి ఒక రైతుకుటుంబమువారి యింట బస చేసితిమి. ఇంటి పెద్దాయన నాకంటె పదేండ్లు పెద్దవాడు. మా కుమారుడు నడుమ దుబాసి. మాటలలో ఆయన యిట్లనెను: "మా మడిక్రింద రాజుగారి ఇల్లున్నదట. ఆయన అద్దె ఈయడు, ఖాళీ చేయడు!" అందఱము నవ్వితిమి. పిదప ఆయన నవ్వక చెప్పినది ఇది. ఈ యూర కొట్టము కట్టవలెనన్నను అనుమతి కావలెను. పునాది త్రవ్వుటకు మునుపు తెలుపవలెను. పురావస్తుశాఖవారు వచ్చి మొదట వారు త్రవ్వి చూతురు. కప్పు పెంకుదే కావలెను. రంగు ఊరితో కలియవలెను. అమ్ముకొనిన మంచి వెల వచ్చు భూమి యైనను అంగళ్లకును మేడలకును ఇయ్యరాదు. పిల్లలు నగరములకు పోయిరి. 1980 ప్రాంతమున సుమారు ఏడువేలున్న జనము నేడు ఐదువేలకు దిగినది.

"మఱి ఇంత కష్టమునకు ఎట్లు ఒప్పుకొంటిరి?" అని అడిగితిని. ఆ కథ చెప్పదగినది. 1960 తరువాతి పదేండ్లలో ఒసాకానుండి ఇండ్లవరుసలు ఈ కొండలదాక ప్రాకుచు వచ్చెను. ప్రాచీనరాజధానుల రక్షణకు 1966లో ఒక చట్టము పుట్టినను, అది అసుకాలో కొన్ని తావులకే చాలెను. 1970లో ఒక దేశీయవైద్యుడు ఈ యూరిని కాపాడుమని తన విన్నపమును కంఠస్వరముతోనే యంత్రమున నింపి, మత్సుషితా కొనొసుకె యను ప్రసిద్ధపారిశ్రామికుని ద్వారా ప్రధానమంత్రి సాతో ఐసాకుగారికి చేర్చెను. ఆ యేడే ప్రధాని స్వయముగా ఈ యూరికి వచ్చి చూచెను. పదేండ్లకు, 1980లో, అసుకా యొక్క పేరనే ప్రత్యేకచట్టము వచ్చెను. ముఖ్యమైన తావులను ఏమాత్రము మార్చరాదు. తక్కిన ఊరంతయు మితముగా మార్చవచ్చును. ఊరు మోయు భారమునకు బదులుగా బాటలు, నీటివసతులు మొదలగువానికి ప్రభుత్వము సాయపడవలెను. ఒక్కని గొంతు ఒక యూరిని కాపాడుటకు ఎంత పనికివచ్చెనో, రేడియోముందు కూర్చున్న మీకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

"మేలు జరిగినదా, కీడు జరిగినదా?" అని మఱల అడిగితిని. పెద్దాయన కొంతసేపు ఊరకుండి, "అమ్ముకొన్నవారి ఊళ్లు ఇప్పుడెక్కడున్నవో వారే గుర్తుపట్టలేకున్నారు. నేను నా మడిని కన్నులు మూసికొని గుర్తింతును. కాని నా కొడుకు ఇక్కడ లేడు" అనెను. ఈ మాటకు నేను బదులు చెప్పలేదు. నా కొడుకే దానిని తెలుగుచేసి, తల వంచుకొనెను.

మఱునాడు ఉదయము ఇషిబుతాయి చూచితిమి. రాతివేదిక యని దాని అర్థము. ఇది ఉమాకో సమాధి యని విద్వాంసులలో పలువురి ఊహ. పైని మట్టిదిబ్బ ఎన్నడో కరగిపోగా, లోపలి రాతిగది బయటపడి యున్నది. ముప్పదికి పైగా బండలు. మొత్తము బరువు సుమారు 2300 టన్నులు. పైకప్పు రాళ్లలో పెద్దది 77 టన్నులు. మన ఎడ్లబండి ఒక టన్ను లాగునేని, ఒక్క రాతికి 77 బండ్లు కావలెను. గది 7.7 మీటర్ల పొడవు, 4.7 మీటర్ల యెత్తు. లోనికి పోయి నిలుచుండవచ్చును. అంత రాతిక్రింద నిలుచుండగా ఎండాకాలపు బావిలో వలె చల్లగా నుండెను. లోపల శవపేటిక లేదు, సొమ్ము లేదు. నక్క యొకటి స్త్రీరూపమున వచ్చి వెన్నెలలో ఆ రాతిపై నృత్యము చేసెనని కథమాత్రము మిగిలినది.

కొండవాలున ఓకా ఆలయము కలదు. అందు చింతామణిచక్రావలోకితేశ్వరుని మట్టివిగ్రహము, యెత్తు 4.85 మీటర్లు. జపానులోని మట్టివిగ్రహములలో ఇదియే మిక్కిలి పెద్దది. మన దేశపు మట్టిని, చీనామట్టిని, జపానుమట్టిని కలిపి దీనిని చేసిరని అచ్చటివారు చెప్పుకొందురు. పశ్చిమజపానులోని ముప్పదిమూడు అవలోకితేశ్వరక్షేత్రముల యాత్రలో ఇది యేడవది. యాత్రికులు తెల్లని పైబట్ట వేసికొని, చేత కఱ్ఱతో మెట్లెక్కుచుండిరి. మన కాలినడక యాత్రికులు గుర్తునకు వచ్చిరి.

అటనుండి ఏటివెంట ఎగువకు పోయి ఇనాబుచి చేరితిమి. కొండవాలున సుమారు మూడువందల మళ్లు మెట్లుమెట్లుగా నున్నవి. వరి పసుపుబాఱుచుండెను. గట్లన్నియు ఎఱ్ఱని పూలతో నిండి యుండెను. ఆకు లేదు, కాడపై పూవు మాత్రమే. దాని పేరు హిగన్‌బానా. హిగన్ అనగా అవతలి యొడ్డు, మన వారి పారము. శరద్విషువత్తు నాటి వారమున జపానువారు పితరులను తలచుకొని సమాధులకు పోవుదురు. సరిగా ఆ వారముననే ఈ పూవు పూయును. అప్పుడు మనకును మహాలయపక్షము. రెండు దేశముల పితరులును ఒకే వేళకు ఆకలిగొందురా యని అబ్బురపడితిని. రైతులకు పూవుతో వేఱు పని గలదు. గడ్డ విషము గనుక ఎలుకలును, నేలను తొలుచు జంతువులును గట్టునకు కన్నము వేయవు. భక్తియు, గట్టుకాపుదలయు ఒక్క గడ్డలో నున్నవి.

ఇనాబుచివారు ఏటేట జనవరిలో వరిగడ్డితో పెద్ద త్రాడు పేని ఏటికడ్డముగా కట్టుదురు. ఇది మగత్రాడు. ఎగువనున్న కయామోరివారు ఆడుత్రాడు కట్టుదురు. ఒకచోట షింతో పూజారి, మఱియొకచోట బౌద్ధాచార్యుడు ఆ కార్యమును జరుపును. కీడు ఏటిదారిని ఊరిలోనికి రాకుండుటకును, పంట కలుగుటకును ఇది యేర్పాటు. నేను పోయినది సెప్టెంబరు గనుక త్రాడు వాననానుచు నల్లబడి వ్రేలాడుచుండెను. పొలిమేర కట్టుటను ఎఱిగిన మన పెద్దలకు దీనిని వివరింపనక్కఱలేదు.

చివరకు స్టేషనువైపు మరలి తకమత్సుజుకా చూచితిమి. పచ్చగడ్డి కప్పిన చిన్న గుండ్రని దిబ్బ. 1962 ప్రాంతమున ఈ యూరి రైతొకడు అల్లము నిలువచేయుటకు అచ్చట గుంట త్రవ్వుచుండగా, చదరముగా చెక్కిన రాయి తగిలెను. అతడు దానిని పగులగొట్టి గట్టునకు వేయలేదు. ఇది పెద్దల పని యని తెలిసికొనెను. ఆ మాట ఊర పాకి, పండితుల చెవిని పడెను. 1972 మార్చి 21వ తేదీన త్రవ్వి లోపల చూచిరి. మనిషి వంగి దూఱదగినంత రాతిగది. గోడలపై పదునార్వురు స్త్రీపురుషులు, రంగురంగుల వస్త్రములతో. తూర్పున నీలనాగము, పడమట తెల్లపులి, ఉత్తరమున పాము చుట్టిన తాబేలు. కప్పుపై బంగారురేకులతో ఇరువదియెనిమిది నక్షత్రకూటములు. మనమును అభిజిత్తుతో కలిపి ఇరువదియెనిమిదిగా లెక్కించు పద్ధతి గలదు. దక్షిణపు గోడను పూర్వమే దొంగలు పగులగొట్టిరి. అందుండవలసిన ఎఱ్ఱపక్షి కానరాదు.

ఆ పక్షి కితోరా అను మఱియొక దిబ్బలో దొరకినది. 1983లో సన్నని గొట్టమువంటి దర్శినిని లోనికి చొప్పించి ఉత్తరపు తాబేటిని చూచిరి. పిదప మిగిలిన మూడు దిక్కులవారును, కప్పుపై మూడువందల యేబదికి చేరువగ నక్షత్రములు గల ఖగోళపటమును కనబడెను. ప్రపంచమున నిలిచియున్న అట్టి పటములలో ఇది మిక్కిలి పాతవానిలో నొకటి.

కాని మఱియొక మాటయు చెప్పవలెను. పండ్రెండు వందల యేండ్లకు పైగా చీకటిలో చెడకున్న ఆ చిత్రములు, మనుష్యులు తెఱచిన ముప్పదియేండ్లలో బూజుపట్టెను. 2007లో రాతిగదినే ఊడదీసి చికిత్సకు తరలించిరి. శుద్ధి 2020లో ముగిసెను. నేడు దిబ్బ ప్రక్కనున్న శాలలో మనకు చూపునవి ప్రతిరూపములు. చదువుకొన్నవారి కుతూహలము సైతము హాని చేయును. ఆ యూరివారు దానిని దాచక పలకపై వ్రాసి చెప్పుచున్నారు. అది నాకు నచ్చినది.

పెద్దలారా, ఆ దిబ్బయెదుట బల్లపై కూర్చుండి నేను తలచుకొన్నది అసుకాను గాదు, మా యూరిని. మా చెఱువుకట్ట క్రింద ఒక రాతికంబముండెడిది. మూడు ప్రక్కల అక్షరములు. నేను బడిలో చేరిన క్రొత్తలో పిల్లలను తీసికొనిపోయి, నాచు కడిగి, కొన్ని పంక్తులు చదివితిని. చెఱువునకు ఎవరో మాన్యమిచ్చిన సంగతి యని పోల్చితిని. అచ్చుతీసి పంపవలెనని అనుకొంటిని. పరీక్షలయిన తరువాత అనుకొంటిని, వేసవిలో అనుకొంటిని, పిల్ల పెండ్లి అయిన తరువాత అనుకొంటిని. ఇట్లు పదునెనిమిదేండ్లు గడచెను. ఒక వేసవిలో తూము మరమ్మతు చేయుచు, పనివాండ్రు ఆ కంబమును నాలుగు ముక్కలుగా కొట్టి కట్టడములో పెట్టిరి. మఱునాడు పోయి చూచితిని. ఒక ముక్కమీద సగము అక్షరము బయటకు కనబడుచుండెను.

పనివాండ్రమీద నాకు కోపము లేదు. వారికది రాయి. అది రాయి మాత్రమే కాదని ఊరిలో నెఱిగినవాడను నేనొక్కడనే. ఎఱిగియు ఎవరితోను చెప్పలేదు. జపానులో అల్లపు గుంట త్రవ్విన రైతునకు లిపి రాదు, చరిత్ర రాదు. అతడు చేయగలిగినది చెప్పుట యొక్కటే, చెప్పెను. నాకన్నియు వచ్చును, నేను చెప్పలేదు. ఇది ఇంతవఱకు మా యింటివారితో తప్ప పైవారితో అన్నవాడను గాను. నేడు మీ యందఱియెదుట చెప్పుచున్నాను.

అసుకావంటి చట్టము మన పల్లెలకు కావలెనని నేననను. ఆ భారమెంతటిదో ఆ యింటి పెద్దాయన ముఖమున చూచితిని. మీ చేతనైనది చిన్నది. మీ యూర చెఱువుకట్టపై, గుడివెనుక, చావడిముందు అక్షరములున్న రాయి గలదేమో చూడుడు. సున్నము పూయకుడు, రంగు వేయకుడు, గొడ్డలి నూఱకుడు. బడిపిల్లలను తీసికొనిపోయి, ఇది ఫలానా యని చూపుడు. పురావస్తుశాఖవారికి ఒక యుత్తరము వ్రాయుడు. రేపు పంటకోతలైన తరువాత గాదు, ఈ వారముననే వ్రాయుడు.

నేను జపానునుండి తిరిగివచ్చిన వారమున తూముకడకు పోయితిని. నీరు తగ్గియుండెను. బయటకు కనబడు ఆ సగపు టక్షరమునకును, దాని ప్రక్కనున్న మఱి రెండింటికిని కాగితముపై అచ్చుతీసి పంపితిని. అవి దేనికైన చాలునో చాలవో విద్వాంసులు చెప్పవలెను. నేను చెప్పవలసినది చెప్పితిని.

సెలవు.